అవ్వ మాటల కింద వేసిన చప్పుడు

ఎడిటింగ్ పాఠాలు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, ఇందులో అన్నిటికన్నా కష్టమైనది ఏది మేమ్ అని అడిగారు. సాఫ్ట్‌వేర్ ఏడాదికోసారి మారిపోవడమని చెబుతానని వాళ్ళ అంచనా. అది కాదు. చీకటి హాల్లో కూర్చుని మన విద్యార్థి తీసిన సినిమా చూస్తుంటాం. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటారు. మనకు మాత్రం ఇందులో ఏదో తప్పుందని తోస్తుంటుంది. అది ఎందుకో మాటల్లో పెట్టి చెప్పేలోపల సినిమా అయిపోతుంది, అందరూ కాఫీకి లేచిపోతారు. కష్టమంటే అదీ.

నేను అసలే కంగారు మనిషిని. గ్యాస్ కట్టేశానో లేదో చూడడానికి బస్‌స్టాపు నుంచి వెనక్కి వచ్చే రకం. ఎడిటింగ్‌లోకి నువ్వు వచ్చింది అందుకే, అక్కడైతే ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు అని మా ఆయన ఎగతాళి చేస్తారు. మాది తమిళనాడులో పెరియకుళం పక్క మామిడితోటల ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మాత్రం మద్రాసులో ఎడిటింగ్ గదుల్లో పనిచేసేటప్పుడు నేర్చుకున్నాను. తర్వాత కోయంబత్తూరు కాలేజీలో విజువల్ కమ్యూనికేషన్ విభాగంలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ప్రమోషన్ల సంగతి ఎవరికీ పనికిరాదు కాబట్టి వదిలేస్తున్నాను. నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వనివి మాత్రం చెబుతాను.

మొదటి శవం

విద్యార్థుల్ని మీకు నచ్చిన కథ తియ్యమంటే ఎక్కువమంది థ్రిల్లరే తీస్తారు. ఖర్చు తక్కువ. ఒక ఇల్లు, ఒక టార్చిలైటు, కాసేపు పరుగు ఉంటే చాలు. తప్పులేదు, నాకూ థ్రిల్లరంటే ఇష్టమే. కానీ ఏళ్ళ తరబడి చూస్తుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటి శవం అమ్మాయిదే. చచ్చేముందు ఆ అమ్మాయి ఏదో ఒక తప్పు చేసి ఉంటుంది, ఒంటరిగా వచ్చి ఉంటుంది, మోకాళ్ళ పైకి స్కర్టు వేసుకుని ఉంటుంది, ఇంట్లో చెప్పకుండా ఫోన్‌లో మాట్లాడి ఉంటుంది. అనుమానం వాచ్‌మన్ మీదికో, పనిమనిషి మీదికో పోతుంది. చిక్కుముడి విప్పేది మాత్రం బైకు మీద వచ్చే కుర్రాడు. అమ్మాయి డైరెక్టరైనా ఇదే వరస.

పిల్లలు ఇదంతా కుట్రపన్ని చెయ్యరు, తొందరలో చేస్తారు. ఇరవై నిమిషాల సినిమాలో ఒక మనిషిని కొత్తగా పరిచయం చెయ్యడానికి టైముండదు. అందుకని చూసేవాళ్ళ బుర్రలో ముందే తయారుగా ఉన్న మనిషిని తెచ్చి నిలబెడతారు. కళ్ళద్దాలు పెడితే తెలివి, లుంగీ కడితే అనుమానం, తెల్లజుట్టు విరబోస్తే దయ్యం. నాకు జుట్టు తెల్లబడడం మొదలయ్యాక ఈ మూడోది మరీ గుచ్చుకుంది, దాచడం దేనికి.

మద్రాసులో నాకు పని నేర్పిన ఎడిటర్ గారు గొప్ప పనిమంతుడు, మాట కరుకు. ఒకసారి ఆయన పక్కన అసిస్టెంటుగా కూర్చుని చూస్తున్నాను. తడిచీరతో హీరోయిన్ నడిచి వెళ్తుంది. ఆమెను ఎవరో దొంగచూపు చూస్తున్నట్టు ఒక షాట్ కావాలి. ఆయన ఎక్కడినుంచో ఒక ముసలి ఎక్‌స్ట్రా ఆర్టిస్టు మొహం వెతికి తెచ్చి అతికించారు. భయంకరంగా కుదిరింది. ఆ షాట్ అసలు రీలు నేను చూశాను. ఆ మనిషి చూసింది మధ్యాహ్నం భోజనం క్యారియర్‌ని. అయ్యా, ఆయన చూసింది అన్నం కదా అన్నాను. ఆయన నవ్వి, "తెరమీద అన్నం ఎక్కడుందమ్మా?" అన్నారు. ఆ షాట్ అలాగే ఉండిపోయింది. ఆ ముసలాయన ఇంటిల్లిపాదినీ తీసుకుని ఆ సినిమాకు వెళ్ళే ఉంటాడు. నా కంగారుకు మొదలు అక్కడే అనుకుంటాను.

తాళంచెవి

మా కాలేజీ హాస్టల్ వాచ్‌మన్ ఒకాయన, మీసాలు పెద్దవి, మనిషి మెత్తన. ఒక బ్యాచ్ పిల్లలు ఆయన్ని సినిమాలో పెట్టుకున్నారు. అమ్మాయిల వెంటపడే వాడి వేషం. మన వాచ్‌మన్ సరదాగా ఒప్పుకుని చేశాడు. సినిమా వేసిన రోజు ముందువరసలో కూర్చుని, అందరికన్నా గట్టిగా నవ్వాడు.

తర్వాతి ఏడాది కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఆ సినిమా ఫోన్లలో చూశారు. గదుల తాళంచెవులు ఆయన చేతినుంచి తీసుకోవడం మానేశారు. బల్లమీద పెట్టండి, మేం తీసుకుంటాం అనేవాళ్ళు. ఆయన ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. ఒకరోజు మీసం గీయించుకుని వచ్చాడు. మొహం ఎలాగో ఉంది. ఎందుకు తీసేశారని అడిగితే ఎండగా ఉందన్నాడు. అప్పటినుంచి ఎవరైనా విద్యార్థి, నిజమైన మనిషిని తెచ్చి అనుమానపు వేషం వేయిస్తానంటే నాకు ఆ తాళంచెవులే గుర్తొచ్చేవి.

అందుకే క్లాసులో ఒక అలవాటు పెట్టాను. ఏ సినిమానైనా ఒకసారి చప్పుడు తీసేసి చూడాలి, ఇంకోసారి కళ్ళు మూసుకుని వినాలి. నిన్ను భయపెట్టింది ఆ మనిషి చేసిన పనా, మనం పక్కన పెట్టిన సంగీతమా అనేది అప్పుడు తెలుస్తుంది. కొత్త టీచర్లకు నేనిచ్చే సలహా ఏదైనా ఉంటే ఇదొక్కటే. అదే నా మీదికి తిరగబడిన కథ ఇప్పుడు చెబుతాను.

మొదటి మార్కు అమ్మాయి

నా ఉద్యోగం చివరి ఏడాదిలో హరిణి ఫైనలియర్. పొల్లాచ్చి దారిలో కినత్తుకడవులో వాళ్ళకు కొబ్బరితోపు, కోయంబత్తూరులో వాళ్ళ నాన్నకు పంపుసెట్ల విడిభాగాల వర్క్‌షాపు. మన ఇండ్లలో పిల్లే, అంటే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు తెలుగు, పక్కన ఎవరైనా వస్తే మాట మధ్యలోనే తమిళం. ఆడామగా, వయసు, వర్గం, ఇవి తెరమీద ఎలా కనిపిస్తాయనే పేపర్లో ఆ ఏడాది మొదటి మార్కు ఆ పిల్లదే. ముసలివాళ్ళను సినిమాల్లో మనుషులుగా చూపరు, అయితే పాపం అనిపిస్తారు, లేకపోతే పిచ్చి అనిపిస్తారు అని తను రాసిన జవాబు నేనే క్లాసులో చదివి వినిపించాను.

ఫైనల్ ప్రాజెక్టుకు హరిణి తీసిన థ్రిల్లర్ కథ ఇది. కాలేజీ అమ్మాయి ఒకతి స్నేహితురాలి తోపు ఇంటికి వస్తుంది, మాయమైపోతుంది. పనిమనిషి మీద అనుమానం. అసలు హంతకురాలు ఆ ఇంటి ముసలావిడ. బైకు మీద వచ్చిన అబ్బాయి కనిపెడతాడు. పనిమనిషి వేషానికి తెల్లగా ఉన్న క్లాస్‌మేట్‌ను పెట్టుకుని మొహానికి నల్లపౌడరు పూశారు. ఇదెందుకమ్మా అంటే, పనిమనిషి గదా మేమ్ అంది, అందులో అడగడానికి ఏముందన్నట్టు. ముసలావిడ వేషానికి మాత్రం మేకప్ అక్కర్లేకపోయింది. అది వాళ్ళ సొంత అవ్వ, నాయనమ్మ.

నేను గైడును కాబట్టి ఒకరోజు షూటింగు చూడడానికి కినత్తుకడవు వెళ్ళాను. అవ్వ పేరు రంగమ్మాళ్. ఎత్తు మనిషి, వీపు వంగలేదు. నన్ను చూడగానే మొదటి ప్రశ్న, "మీరు మన ఇండ్లోళ్ళేనా అమ్మణీ? ఏ ఊరు?" పెరియకుళం పక్క అని చెప్పాను. ఆమె మొహం విప్పారింది. "ఆ పక్క మనోళ్ళు మాట్లాడేది కొంచం వేరేగా ఉంటాది. ఉన్నా మన మాటే గదా," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కొబ్బరిపాలతో పాయసం పెట్టింది. ఆ ఇంట్లో అందరికీ తెలుగు వచ్చు, కానీ తెలుగు తప్ప వేరే మాట ఆడకుండా రోజంతా గడిపేది ఆమె ఒక్కతే. హరిణి అన్న కూతురు మీను, నాలుగేళ్ళది, అవ్వ కొంగు పట్టుకుని వదలకుండా తిరుగుతుంది. బడిలో ఇంగ్లీషు, అమ్మతో తమిళం, అవ్వతో తెలుగు. అవ్వా అవ్వా అని ఆ పిల్ల పిలుస్తుంటే నాకు ముచ్చటేసింది.

అవ్వకు కథ ఎవరూ సరిగా చెప్పలేదు. నువ్వు ఎప్పుడూ చేసే పనులే చెయ్యి అవ్వా, మేం తీసుకుంటాం అంది హరిణి. ఆమె చేసింది. కొబ్బరికాయ కత్తితో కొట్టింది. కొట్టుగదికి తాళం వేసింది. వరండాలో నడిచింది. పాకలో తప్పించుకు తిరుగుతున్న లేగదూడను పిలిచింది. "రా నాయనా, రా. యాడికి పోతావు? అవ్వ ఈడనే ఉండాది గదా." దూడ వచ్చి ఆమె చెయ్యి నాకింది. కెమెరా వెనకనుంచి హరిణి నవ్వి, అవ్వా ఇంకోసారి పిలువు అంది. నేనూ నవ్వాను.

చప్పుడు

రఫ్ కట్ నాకు చూపించిన రోజు ఎడిటింగ్ గదిలో మా హెచ్‌ఓడి సెల్వరాజ్ సార్ కూడా ఉన్నారు. కొబ్బరికాయ కొట్టే షాట్ నిదానం చేశారు. తాళం వేసే షాట్ తర్వాత మాయమైన అమ్మాయి చెప్పు. ఆ తర్వాత అవ్వ మొహం దగ్గరగా, దూడ లేదు, పాక లేదు, ఎదురుగా చీకటి. "రా నాయనా, రా. యాడికి పోతావు?" ఆ మాటల కింద నేలలోంచి వచ్చినట్టు ఒక బరువైన చప్పుడు. సినిమాలో తమిళం మాట్లాడినప్పుడల్లా కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. అవ్వ మాట్లాడినప్పుడు ఏమీ పడలేదు.

సెల్వరాజ్ సార్ కుర్చీలోంచి సగం లేచారు. ఆయన తమిళాయన, ఒక్క ముక్క తెలుగు రాదు. మంచి మనిషి, కానీ చూసేవాళ్ళు అదిరిపడతారా లేదా అన్నదే ఆయనకు ముఖ్యం. ఆ భాష ఏదో తెలియకపోవడమే ఇందులో గొప్ప సంగతి, అక్షరాలు వెయ్యవద్దు అన్నారు. ఆ గదిలో అవ్వ ఏమంటోందో తెలిసినవాళ్ళం మేమిద్దరమే, నేనూ హరిణీ.

ఆయన వెళ్ళాక, అవ్వను ఇలా ఎందుకు చూపించావని అడిగాను. హరిణి తల వంచుకోలేదు. తన వాదన తనకుంది. ముసలివాళ్ళను ఎప్పుడూ పాపమనో అమాయకులనో చూపిస్తారు కదా, నేను మా అవ్వకు బలం ఇచ్చాను, ఆ స్టీరియోటైపును విరగ్గొట్టాను అంది. మరి అవ్వ తెలుగు మాటల కింద ఆ చప్పుడెందుకని అడిగాను. అప్పుడు కొంచెం నిదానించి చెప్పింది.

"ఇంట్లో వింటే ఏమీ లేదు మేమ్. స్పీకర్లో వింటే నాకే పయంగా ఉండాది. ఎవరికీ అర్థం కాదు గదా, అదే ఎఫెక్ట్."

"నీకు అర్థమవుతుంది కదమ్మా."

"నాకోసం తీయలేదు గదా మేమ్ ఈ సినిమా."

దూడను కూడా చూపించమన్నాను. చూపిస్తే భయం పోతుందంది. అది నిజమే. అక్షరాలైనా వెయ్యమన్నాను. రా నాయనా అని కింద పడితే జనం నవ్వుతారంది. అదీ నిజమే. అవ్వకు బలం ఇచ్చానన్నావు, దూడను చూపించగానే పోయే బలం ఏం బలమమ్మా అని అడిగాల్సింది. ఆ మాట నాకు ఇంటికి పోయే బస్సులో తోచింది. మాస్టార్లకు మంచి జవాబులన్నీ బస్సులోనే తోస్తాయి.

ఒక్కటి మాత్రం పట్టుబట్టాను. నలుగురిలో వెయ్యకముందు అవ్వకు చూపించు, ఆమె సరేనంటే నేను అడ్డం రాను అన్నాను. హరిణి లాప్‌టాప్ ఇంటికి తీసుకుపోయింది. సోమవారం మొహం వెలిగిపోతూ వచ్చింది. అవ్వకు బాగా నచ్చింది మేమ్, దూడ ఏదీ అని అడిగింది, మీను చప్పట్లు కొట్టింది, రెండుసార్లు చూశారు అని చెప్పింది. నా గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది. కడుపునిండా భోంచేశాను ఆ మధ్యాహ్నం.

శుక్రవారం మార్కులు వేసే కాగితం మీద సంతకం పెట్టేముందు నా పాత అలవాటు కొద్దీ అడిగాను, చప్పుడుతోనే చూపించావు కదా అని.

హరిణి నా వంక చూసి, ఇంటికి తీసుకుపోయిన కాపీలో ఆ చప్పుడు లేదు మేమ్ అంది. లాప్‌టాప్ స్పీకరు కూడా సరిగా పనిచెయ్యదట. కథ తనే పక్కన కూర్చుని చెప్పిందట, అవ్వకు తగ్గట్టు. అంటే అవ్వ చూసింది తన ఇల్లు, తన తోపు, తన మొహం. భయం మొత్తం ఏ చప్పుడులో ఉందో, ఆ చప్పుడు ఆమె వినలేదు.

శనివారం పొద్దున

అప్పటికి ప్రదర్శన రేపనగా ఉంది. నేను చేసిన హడావిడి ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. సెల్వరాజ్ సార్‌ను అడిగాను, ఈ సినిమా తర్వాత వేద్దామని. కార్యక్రమం అచ్చయిపోయింది, పైగా అందరికన్నా బాగున్నది అదే, మీరు ఊరికే కంగారు పడతారు అన్నారు. ఊరికే కంగారు పడే మనిషినని పేరు తెచ్చుకుంటే ఇదే నష్టం, నిజంగా కంగారు పడాల్సినప్పుడు ఎవరూ నమ్మరు. హరిణి వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి, అవ్వకు ప్రయాణం కష్టమేమో, ఇంటి దగ్గరే ఉండనివ్వండి అన్నాను. ఆయన నవ్వారు. అవ్వ వీధి వీధంతా చెప్పుకుందట, కోయంబత్తూరు గాంధీపురం పోయి కొత్త చీర కూడా తెచ్చుకుందట. ఆపేదెవరు అన్నారు. చివరికి హరిణినే బతిమాలాను, రేపు ఒక్కరోజు ఆ చప్పుడు తగ్గించమని. సరే చూస్తా మేమ్ అంది. చూడలేదు. ఆ వయసులో నేనైనా చూసేదాన్ని కాదు. కష్టపడి చేసిన చప్పుడు అది.

శనివారం పదకొండు గంటలకు కాలేజీ హాలు నిండిపోయింది. కినత్తుకడవు నుంచి వ్యాను వేసుకుని వచ్చారు. అవ్వ మామిడిపండు రంగు చీరలో మొదటివరసలో కూర్చుంది, ఒళ్ళో మీను. నన్ను చూసి చెయ్యూపింది. నేను సరిగ్గా ఆమె వెనక వరసలో కూర్చున్నాను. తెరను కాదు, ఆమె తలను చూస్తూ కూర్చున్నాను.

అవ్వ మొదటిసారి తెరమీదికి రాగానే మీను చప్పట్లు కొట్టి, అవ్వా అని అరిచింది. హాలంతా ముద్దుగా నవ్వింది. అవ్వ పిల్ల బుగ్గ నిమిరింది. తర్వాత కొబ్బరికాయ. చప్పుడు మొదలైంది. హాలు స్పీకర్లు పెద్దవి, కుర్చీ చేతుల్లో కూడా తెలిసింది. మీను చప్పట్లు ఆపేసింది. తాళం. చెప్పు. అవ్వ మొహం తెరనిండా. "రా నాయనా, రా. యాడికి పోతావు?"

వెనకవరసల్లో అమ్మాయిలు కెవ్వుమన్నారు. మీను ఏడవలేదు. తెరమీద మొహాన్ని చూసింది, తల తిప్పి పైన తన మీద ఉన్న మొహాన్ని చూసింది. మెల్లగా ఒడిలోంచి కిందికి జారి, పక్క కుర్చీలో ఉన్న వాళ్ళమ్మ కాళ్ళ దగ్గరికి పోయింది. అవ్వ చేతులు పిల్ల కూర్చున్న ఆకారంలోనే కాసేపు అలా ఉండిపోయాయి. తర్వాత వాటిని ఒడిలో పెట్టుకుంది.

నాకు లేచి లైట్లు వెయ్యాలనిపించింది. లేవలేదు. నా ముందున్న ఆ తల కదలకుండా చివరిదాకా సినిమా చూసింది.

హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బహుమతి కూడా ఆ సినిమాకే వచ్చింది. విద్యార్థులు అవ్వ చుట్టూ మూగి, పాట్టీ సూపర్ అని సెల్ఫీలు తీసుకున్నారు. తమిళంలో అవ్వను పాట్టి అంటారు. ఆమె అందరికీ నవ్వుతూనే చేతులు జోడించింది. హరిణి వచ్చి కౌగలించుకుంటే వీపు తట్టింది. నేను దగ్గరికి పోయి, అవ్వా అన్నాను. ఆమె నా చెయ్యి నొక్కి వదిలేసింది. వ్యాను ఎక్కేటప్పుడు మీను వాళ్ళమ్మతో ముందుసీటులో కూర్చుంటానని మారాం చేసింది. అవ్వ వెనక కూర్చుంది.

పాట్టి

నెల తిరక్కుండానే నేను రిటైరయ్యాను. దండలు, శాలువా, గోడగడియారం, అన్నీ అయ్యాయి. ఒకరోజు పొద్దున్నే హరిణి మా ఇంటికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది.

"అవ్వ తెలుగు మాట్లాడేది నిలిపేసింది మేమ్. నాతో కూడా. అందరితో తమిళమే. ఎంత అడిగినా నవ్వుతాది, అంతే."

ఇద్దరం ఉక్కడం బస్టాండులో పొల్లాచ్చి బస్సెక్కి కినత్తుకడవులో దిగాం. దారంతా హరిణి లాప్‌టాప్ బ్యాగు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. అందులో దూడ షాట్ ఉందని చెప్పింది. కత్తిరించకముందు తీసింది, చప్పుడు వెయ్యనిది. అది చూపిస్తే మీనుకు అర్థమవుతుందని తన ఆశ. నాకు బస్సు ఎంతకీ పోతున్నట్టు లేదు.

అవ్వ వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. "వాంగ టీచరమ్మా, ఉక్కారుంగ," అంది. రండి, కూర్చోండి అని, పరాయి ఇంటి మనిషితో అన్నట్టు తమిళంలో. నేను తెలుగులో బాగున్నావా అవ్వా అన్నాను. బాగున్నానని తమిళంలోనే చెప్పింది. నేను తెలుగులో ఒకటి అనడం, ఆమె తమిళంలో జవాబివ్వడం, ఇలా కాసేపు నడిచింది. పలుకు తడబడుతోంది, ఎప్పుడూ అంత తమిళం ఆడిన మనిషి కాదు. అయినా వదల్లేదు.

హరిణి లోపలికి కాఫీకి వెళ్ళినప్పుడు నేను ఆమె పక్కకు జరిగి, ఎందుకవ్వా అని అడిగాను. ఆమె తలుపు వైపు చూసింది. గొంతు బాగా తగ్గించి, ఆ ఒక్కసారి తెలుగులో చెప్పింది.

"బిడ్డ నేను నోరు తెరిస్తే ఉలిక్కిపడతా ఉండింది అమ్మణీ. పక్కన పండుకోలేదు, అన్నం పెడితే తినలేదు. ఒకనాడు పొరపాటున తమిళంలో పిలిస్తే వచ్చింది. అంతే. నాకు ఇంకేం కావల్ల?"

హరిణి మీద కోపం లేదా అని అడిగాను. అదేం మాట, దాని చదువుకు పనికొచ్చింది గదా అంది. నిజంగానే అంది. నాకు ఆమెను చూస్తూ కూర్చోవడం కష్టమైంది.

అంతలో మీను లోపలినుంచి పరుగెత్తుకొచ్చి, పాట్టీ అంటూ ఆమె ఒళ్ళో కూర్చుంది. ఇదివరకు అవ్వా అని పిలిచే పిల్ల. హరిణి కాఫీ గ్లాసులు పక్కన పెట్టి, లాప్‌టాప్ తెరిచి, మీను ముందు కింద కూర్చుంది. చూడు కణ్ణు, దూడ అంది. స్పీకరు బాగుచేయించుకుని తెచ్చింది. తెరమీద పాక, ఎండ, తోక పైకెత్తి తిరిగే దూడ. మీను నవ్వింది. దూడ కాళ్ళు లెక్కపెట్టింది. అవ్వ వేళ్ళు పిల్ల జుట్టులో ఆగిపోయాయి. హరిణి నా వంక చూసింది, ఆ చూపులో ఎంత ఆశ ఉందో నేను చెప్పలేను.

"రా నాయనా, రా," అంది లాప్‌టాప్. కింద ఏ చప్పుడూ లేదు. దూరంగా కాకులు, హరిణి నవ్వు, అంతే. "యాడికి పోతావు? అవ్వ ఈడనే ఉండాది గదా." దూడ వచ్చి చెయ్యి నాకింది.

మీను నవ్వడం ఆపింది. వెనక్కి ఒదిగి, అవ్వ కొంగు మొహానికి అడ్డం లాక్కుంది. వరండా చివర పాక వైపు ఒకసారి, కొట్టుగది తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత తల పైకెత్తి చిన్న గొంతుతో అడిగింది.

"అవ్వ తిరుంబి వరువాళా, పాట్టి?"

అవ్వ మళ్ళీ వస్తుందా అని, అవ్వ ఎవరో వేరే మనిషైనట్టు.

హరిణి చెయ్యి లాప్‌టాప్ మీదే ఉండిపోయింది. రంగమ్మాళ్ పిల్ల తలను గుండెకు ఆనించుకుని, వీపు మీద మెల్లగా తట్టింది.

"వరమాట్టా కణ్ణు," అంది. "ఇని వరమాట్టా."

రాదమ్మా, ఇంక రాదు అని. పిల్ల కొంగు వదిలి ఆమె ఒళ్ళో సర్దుకుని కూర్చుంది.